ఫాక్స్‌సాగర్ గడ్డకట్టదు

మా మేనల్లుడు అరిజోనా రాష్ట్రంలోని టెంపేలో ఎమ్మెస్ చదువుతున్నాడు. ఇంజనీరింగ్ మాత్రం ఇక్కడే, రోజూ కాలేజీ బస్సెక్కి మైసమ్మగూడ వైపు వెళ్లి చదివాడు. మొన్న ఫోన్ చేసి, చదువు సంగతీ పార్ట్‌టైం సంగతీ అయ్యాక అసలు మాటకొచ్చాడు. "మామయ్యా, ఎండాకాలం 45 డిగ్రీలు దాటే ఊరిది. అలాంటి చోట మా వర్సిటీకి ఐస్ హాకీ జట్టుంది, ఐదువేల మంది కూర్చునే స్టేడియం ఉంది. మన జీడిమెట్ల చుట్టూ ఇన్ని వర్సిటీలొచ్చాయి కదా, ఒక్కదానికైనా ఎందుకుండకూడదు?" అన్నాడు. నవ్వేశాను. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ ప్రశ్న వదల్లేదు.

ముందు 'వర్సిటీ' అన్న మాటతోనే ఒక చిక్కుంది. మనకు వర్సిటీ అంటే విశ్వవిద్యాలయమే. పత్రికల వాళ్లు హెడ్డింగులో చోటు చాలక కుదించి మనకు అలవాటు చేసిన మాట అది. అమెరికాలో అదే మాట జట్టుకు హోదా. విద్యార్థులు చందాలు వేసుకుని, సొంత కార్లలో తిరుగుతూ ఆడుకునేది క్లబ్ జట్టు. యూనివర్సిటీ తన ఖజానాలోంచి కోచ్‌కు జీతమిచ్చి, ఆటగాళ్లకు స్కాలర్‌షిప్పులిచ్చి ఆడించేది వర్సిటీ జట్టు. క్లబ్‌ను వర్సిటీగా మార్చాలా వద్దా అన్నది అక్కడ ఏళ్ల తరబడి నలిగే ప్రశ్న. మనవాళ్లు దాన్ని ఇక్కడికి తెచ్చుకుంటే తలకిందులుగా పడుతుంది. మన దగ్గర జట్టు ప్రకటించడం చాలా తేలిక. నోటీసు బోర్డు మీద కాగితం అంటించి, పీడీ గారు సాయంత్రం సెలక్షన్స్ పెడితే మర్నాటికి జట్టు తయారు. గ్రౌండు సంగతి తర్వాత.

మావాడు చెప్పిన అరిజోనా స్టేట్ కథే ముందు చూద్దాం, ఎడారి కథ కాబట్టి. అక్కడ వర్సిటీ జట్టు ఒక్క రాత్రిలో పుట్టలేదు. దశాబ్దాల పాటు క్లబ్ జట్టే ఆడింది. 2014లో ఆ క్లబ్ దేశం మొత్తం మీద క్లబ్ టైటిల్ గెలిచింది. అదే ఏడాది చివర్లో మల్లెట్ అనే దాత కుటుంబం ముందుకొచ్చి, మరికొందరు దాతలతో కలిసి 3.2 కోట్ల డాలర్లు ఇస్తామన్నారు. అప్పుడు గానీ యూనివర్సిటీ కదల్లేదు. 2015-16లో పై స్థాయికి అడుగుపెట్టాక కూడా కొన్నేళ్లు వెయ్యి సీట్లు కూడా లేని పాత రింకులోనే ఆడారు. మావాడు చూసి మురిసిపోతున్న మల్లెట్ అరీనా తెరిచింది 2022 అక్టోబరులో. ముందు ఆట, తర్వాత డబ్బు, ఆ తర్వాత జట్టు, అన్నిటికన్నా చివర భవనం.

పెన్సిల్వేనియాలో పెన్ స్టేట్‌ది ఇంకో దారి. టెర్రీ పెగులా దంపతులు 2010లో 8.8 కోట్ల డాలర్ల విరాళం ప్రకటించారు. రెండేళ్లకు పురుషుల జట్టు, మహిళల జట్టు రెండూ ఒకేసారి మొదలయ్యాయి. మహిళల జట్టు మర్యాద కోసం పెట్టింది కాదు. 1972 నాటి టైటిల్ నైన్ చట్టం ప్రకారం, కేంద్ర నిధులు తీసుకునే విద్యాసంస్థలు ఆటల్లో కూడా ఆడపిల్లలకు సమాన అవకాశం ఇవ్వాలి. పాతిక మంది మగపిల్లలతో కొత్త జట్టు పెడితే ఆ లెక్క ఎక్కడో ఒకచోట సరిచూపాలి.

జట్లు మూసేసిన వాళ్ల కథలు ఇంతకన్నా ఎక్కువ నేర్పుతాయి. అలబామా రాష్ట్రంలో హంట్స్‌విల్ క్యాంపస్‌కు మంచి జట్టుండేది, 1996లోనూ 1998లోనూ రెండో డివిజన్ జాతీయ టైటిళ్లు కొట్టింది. 2020లో జట్టు మూసేస్తామంటే పూర్వ విద్యార్థులు డబ్బు పోగేసి నిలబెట్టారు. అయినా 2021లో మూతపడింది. డబ్బు ఒక్కటే కారణం కాదు. దాన్ని తమ లీగులో చేర్చుకునే వాళ్లు దొరకలేదు. దక్షిణాన ఒంటరిగా ఉన్న జట్టుతో ఆడాలంటే ప్రతిసారీ విమానం ఎక్కాలి మరి. అలాస్కా యాంకరేజ్‌ది వేరే కథ. 2020లో ఎత్తేస్తామన్న జట్టును ఊరివాళ్లు 30 లక్షల డాలర్లు కూడబెట్టి 2022-23 సీజనుకు మళ్లీ మంచు మీదికి దించారు. ఆ ఊళ్లో ఆట ఉంది, చలి ఉంది, చూసే జనం ఉన్నారు. ఇల్లినాయ్ యూనివర్సిటీ అయితే వర్సిటీ జట్టు పెట్టాలా అని అధ్యయనం చేయించి, కొన్నేళ్లు నానబెట్టి, ఆ ఆలోచనను పక్కన పెట్టింది. ఈ నాలుగైదు కథలు చదివాక నాకు మిగిలిన ప్రశ్నలు మూడు: మంచు ఎక్కడ, ఎవరితో ఆడతారు, దాత పోయాక కరెంటు బిల్లు ఎవరు కడతారు?

మంచు నుంచే మొదలుపెడతాను. మా పేటకు దగ్గర్లో ఫాక్స్‌సాగర్ ఉంది. 1897 నాటి చెరువు. జీడిమెట్ల చెరువని కూడా అంటారు. 2020 అక్టోబరు వానలకు పొంగి ఉమామహేశ్వర కాలనీని ముంచింది. పొంగడం దానికి తెలుసు, గడ్డకట్టడం తెలియదు. హైదరాబాదు వాతావరణ కేంద్రం రికార్డుల్లో అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, అది కూడా 1946 జనవరిలో. ఇక్కడ మంచు కావాలంటే యంత్రమే దిక్కు.

అయితే యంత్రంతో చల్లబరచడం జీడిమెట్లకు కొత్తేమీ కాదు. ఇక్కడి పారిశ్రామికవాడలో బల్క్‌డ్రగ్ యూనిట్లలో పనిచేసిన ఎవరినడిగినా బ్రైన్ ప్లాంటు గురించి గంటసేపు చెబుతారు. కొన్ని రసాయన చర్యలు సున్నాకు దిగువన జరగాలి. అందుకు ఉప్పునీటినో గ్లైకాల్‌నో మైనస్‌లోకి చల్లబరిచి రియాక్టర్ చుట్టూ తిప్పుతారు. ఐస్ రింకులో జరిగేదీ అదే. కాంక్రీటు నేల కింద కిలోమీటర్ల పొడవున పైపులు పరిచి, వాటిలో ఆ చల్లటి ద్రవాన్ని తిప్పుతూ, పైన నీళ్లు పలచగా పొర మీద పొర చల్లి గడ్డకట్టిస్తారు. అమెరికా కొలతల ప్రకారం రింకు సుమారు 60 మీటర్ల పొడవు, 26 మీటర్ల వెడల్పు. మంచు మందం మూడు సెంటీమీటర్లనుకుంటే నలభై ఏడు వేల లీటర్ల నీళ్లు. జలమండలి ఐదువేల లీటర్ల ట్యాంకర్లు పది వస్తే నిండిపోతుంది. మన దగ్గర అపార్టుమెంట్లు రెండు మూడు రోజుల్లో తాగేసే నీళ్లే అవి. అంటే మంచు చేయడం పెద్ద పని కాదు.

నిలబెట్టడమే పని. మే నెలలో బయట 42 డిగ్రీలుంటే లోపల గచ్చు మీద మైనస్ ఐదుండాలి. పైకప్పు నుంచి వేడి దిగుతుంది, మనుషుల ఒంటి నుంచి వేడి వస్తుంది, తలుపు తీసినప్పుడల్లా గాలి లోపలికి వస్తుంది. అన్నిటికన్నా కష్టం వానాకాలం. గాలిలో తేమ చల్లటి మంచు మీద పేరుకుని లోపలంతా పొగమంచు కమ్ముతుంది, కప్పు నుంచి చుక్కలు కారి రింకు మీద బొబ్బలు కడతాయి. అందుకని చల్లబరిచే యంత్రంతో పాటు తేమ పీల్చే యంత్రం కూడా రాత్రింబగళ్లు తిరగాలి. చలిదేశమైన కెనడాలోనే ఒక మామూలు అరీనాకు ఏడాదికి పది పదిహేను లక్షల యూనిట్ల కరెంటు కాలుతుంది. యూనిట్‌కు ఎనిమిది రూపాయలు వేసుకుంటే ఎనభై లక్షల నుంచి కోటీ ఇరవై లక్షలు. మన ఎండకు ఎంత పెంచుకోవాలో మీరే ఊహించండి. ఆట ఉన్నా లేకపోయినా, సెలవులున్నా పరీక్షలున్నా మీటరు మాత్రం ఆగదు. ఆపితే మంచు కరిగిపోతుంది. క్రికెట్ గ్రౌండును నెల రోజులు వదిలేస్తే గడ్డి పెరుగుతుంది, అంతే.

దీనికి మన దేశంలోనే సాక్ష్యం ఉంది. 2011 జనవరిలో దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం డెహ్రాడూన్‌లో పూర్తి కొలతల ఐస్ రింకు కట్టారు. ఆటలైపోయాయి. కరెంటు ఖర్చు, నిర్వహణ ఖర్చు మోయలేక ఏళ్ల తరబడి తాళం పడింది. మళ్లీ తెరుచుకుని, ఆసియా స్థాయి షార్ట్‌ట్రాక్ స్కేటింగ్ పోటీకి ఆతిథ్యమిచ్చింది 2025లో. మధ్యలో పోయిన పద్నాలుగేళ్లలో ఒక పిల్లాడు ఒకటో తరగతి నుంచి ఇంజనీరింగ్ దాకా వచ్చేస్తాడు.

ఎండదేశాల్లో ఐస్ హాకీ లేదా అంటే ఉంది. దుబాయిలో అల్ నస్ర్ లీజర్‌ల్యాండ్ రింకు 1979 నుంచే ఉంది. మన కరీంనగర్, జగిత్యాల వాళ్లు ఎండలో కట్టడాలు కడుతున్న రోజుల్లోనే పక్కన చల్లటి హాల్లో కెనడా ఇంజనీర్లు కర్రలు పట్టుకుని ఆడుకునేవారు. ఫిలిప్పీన్స్ ఉదాహరణ ఇంకా బాగుంటుంది. అక్కడ రింకులు షాపింగ్ మాళ్లలో ఉన్నాయి. పగలంతా టికెట్టు కొన్న కుటుంబాలు గోడ పట్టుకుని నడుస్తాయి, పడతాయి, నవ్వుకుంటాయి. జనం వెళ్లాక జట్టు ఆడుతుంది. 2017లో కౌలాలంపూర్ ఆగ్నేయాసియా క్రీడల్లో ఐస్ హాకీని తొలిసారి పెట్టినప్పుడు స్వర్ణం ఫిలిప్పీన్స్‌కే దక్కింది. అంటే వేడి ప్రాంతంలో రింకును బతికించేది జట్టు కాదు, ఆదివారం టికెట్టు. హైదరాబాదులో ఆ వ్యాపారం తెలిసిన వాళ్లున్నారు. లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర స్నో వరల్డ్ 2004లోనే జనానికి చలికోట్లు తొడిగి మంచు చూపించడం మొదలుపెట్టింది. హైటెక్ సిటీ మాళ్లలో ఎవరైనా పూర్తి కొలతల రింకు పెట్టి, వారాంతపు టికెట్లతో బిల్లు కట్టుకోగలిగితే, ఏ యూనివర్సిటీ అయినా గంటల లెక్కన అద్దెకు తీసుకోవచ్చు. అంతేగానీ బహదూర్‌పల్లిలోనో మైసమ్మగూడలోనో క్యాంపస్ లోపల రింకు కడితే, సెమిస్టర్ సెలవుల్లో అందులో కుక్క కూడా తిరగదు, చలికి.

రెండో ప్రశ్న, ఎవరితో ఆడతారు? మన విశ్వవిద్యాలయ క్రీడలకు వెన్నెముక భారత విశ్వవిద్యాలయాల సంఘం జరిపే అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు. మనవాళ్లు సౌత్‌జోన్‌లో ఆడి, గెలిస్తే ఆలిండియాకు వెళతారు. ఆ దారి మీదే టీఏ డీఏలు, ట్రాక్‌సూట్, సర్టిఫికెట్ అన్నీ నడుస్తాయి. చెన్నై, బెంగళూరు, కొచ్చి వర్సిటీలకు ఐస్ హాకీ జట్లు లేనప్పుడు సౌత్‌జోన్ టోర్నమెంటు ఎక్కడిది? హంట్స్‌విల్‌కు పట్టిన గతే ఇక్కడ మొదటి రోజునే పడుతుంది.

ఆడేవాళ్లు దేశంలో లేరా అంటే ఉన్నారు, హిమాలయాల్లో. లద్దాఖ్‌లో ఐస్ హాకీ అంటే మనకు గల్లీ క్రికెట్ లాంటిది. డిసెంబరులో చెరువులు, గుంటలు గడ్డకడతాయి, పిల్లలు దిగుతారు. మొదటి రోజుల్లో సైనికుల బూట్లకు ఇనుప బ్లేడ్లు బిగించుకుని ఆడేవారు. సైన్యం, ఐటీబీపీ జట్లు కూడా అక్కడి పోటీల్లో ఉంటాయి. భారత్ అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్యలో చేరింది 1989లో. పురుషుల జట్టు తొలి అంతర్జాతీయ పోటీకి వెళ్లింది 2009లో, అబుదాబికి. మధ్యలో ఇరవై ఏళ్లు! మహిళల జట్టు 2016లో తైపేకి వెళ్లడానికి జనం దగ్గర చందాలు పోగేసుకోవాల్సి వచ్చింది. మరుసటేడు బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్‌ను 4-3తో ఓడించి తొలి విజయం రుచి చూసింది. 2025లో అల్ ఐన్‌లో జరిగిన ఆసియా కప్‌లో కంచు పతకం తెచ్చింది. ఆ అమ్మాయిల్లో ఎక్కువమంది లద్దాఖ్ ఊళ్లవాళ్లే, ఏడాదిలో రెండు మూడు నెలలే మంచు దొరికేవాళ్లు. ఆ రెండు నెలలు కూడా ఇప్పుడు శీతాకాలం కుంచించుకుపోవడంతో తరుగుతున్నాయి.

ఇక్కడ నాకు కాస్త నచ్చిన ఆలోచన ఒకటి చెప్పాలి. అమెరికా యూనివర్సిటీలు హాకీ ఆడించాలంటే కెనడా నుంచి కుర్రాళ్లను స్కాలర్‌షిప్పుల మీద తెచ్చుకుంటాయి. అలాగే ఏదో ఒక జీడిమెట్ల ప్రాంతపు యూనివర్సిటీ లద్దాఖ్, స్పితి అమ్మాయిలు ఇరవై మందికి ఇంజనీరింగ్‌లోనో మేనేజ్‌మెంట్‌లోనో ఉచిత సీట్లిచ్చి, ఆ పేరుతోనే జట్టు పెడితే? జట్టు పేరు ఇక్కడిది, మంచు అక్కడిది. వినడానికి బాగుంది. కానీ వాళ్ల సీజను డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. మన దగ్గర అప్పుడు ఒక సెమిస్టర్ పరీక్షలు ముగిసి ఇంకోటి మొదలవుతుంది. హాజరు 75 శాతం ఉండాలన్న నిబంధన ఉంది. ఆ అమ్మాయిలు లేహ్‌లో ఆడుతుంటే ఇక్కడ హాజరు పడిపోతుంది, ఇక్కడ కూర్చుంటే ఆట పోతుంది. మినహాయింపు రాసివ్వడానికి సిద్ధపడే వైస్‌చాన్సలర్ ఉంటే ఈ పని చేయాల్సిందే అంటాను. జట్టు వర్ధిల్లినా లేకపోయినా ఇరవై మంది అమ్మాయిలకు డిగ్రీ మిగులుతుంది.

ప్రైవేటు యూనివర్సిటీలకు ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఉస్మానియా జట్టంటే వందల అనుబంధ కాలేజీల నుంచి ఏరిన జట్టు. ఇంటర్‌కాలేజీ పోటీలు జరుగుతాయి, అందులోంచి క్యాంపు, క్యాంపులోంచి జట్టు. 2018 చట్టం కింద 2020లో తెలంగాణలో వచ్చిన ఐదు ప్రైవేటు యూనివర్సిటీల్లో బహదూర్‌పల్లి మహీంద్రా, మైసమ్మగూడ మల్లారెడ్డి మాకు దగ్గరివి. అటువంటివి తమ క్యాంపస్‌లో ఉన్న కొన్నివేల మందిలోంచే ఏరుకోవాలి. కబడ్డీకి, వాలీబాల్‌కు అంతమందిలో దొరుకుతారు. స్కేట్ల మీద వెనక్కి పరిగెత్తుతూ, గంటకు నూట యాభై కిలోమీటర్ల వేగంతో వచ్చే పక్కు అనే రబ్బరు బిళ్లను ఆపగలవాళ్లు దొరకడం కష్టం. ఐస్ హాకీ జట్టంటే ఇరవై మంది ఆటగాళ్లు, ఇద్దరు గోలీలు. మంచు మీద ఒకసారికి ఆరుగురే ఉన్నా, ముప్పావు నిమిషానికి ఒకసారి మారుతూ ఉంటారు. గోలీ సామానే లక్ష దాటుతుంది.

హాకీ అన్న మాటే వచ్చింది కాబట్టి ఒక పాత గాయం కూడా గుర్తుచేస్తాను. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో హాకీని గడ్డి మీంచి కృత్రిమ మైదానం మీదికి మార్చారు. అప్పటిదాకా ఒలింపిక్స్ నుంచి పతకం లేకుండా రావడం తెలియని భారత్ ఆ ఏడాది ఏడో స్థానంలో నిలిచింది. కర్ర అదే, బంతి అదే, మనుషులూ అలాంటివాళ్లే. నేల మారింది, అంతే. ఆ కొత్త నేల మన పిల్లలకు దొరకడానికి ఏళ్లు పట్టింది. హైదరాబాదులో గచ్చిబౌలి హాకీ మైదానం వచ్చాకే 2003 ఆఫ్రో-ఆసియా క్రీడల హాకీ ఇక్కడ జరిగింది, 2005లో ప్రీమియర్ హాకీ లీగ్ తొలి సీజను మొత్తం ఇక్కడే ఆడారు, హైదరాబాద్ సుల్తాన్స్ గెలిచింది. మూడు ఒలింపిక్స్ ఆడిన ముకేశ్ కుమార్ ఊరిది. ఇక్కడ యూనివర్సిటీకి హాకీ మీద నిజంగా ప్రేముంటే, ఐస్ కన్నా ముందు ఆ మామూలు హాకీకి వారానికి నాలుగు ఉదయాలు టర్ఫ్ మీద చోటు సంపాదించడం మేలు. ఈ మాటకు మావాడు ఫోన్‌లో పెదవి విరిచాడు. పోస్టరు మీద అందంగా ఉండదట.

పోస్టరు సంగతి తేలిగ్గా కొట్టేయకూడదు. సుచిత్ర నుంచి కొంపల్లి దాకా హోర్డింగుల మీద పోటీ పడుతున్నది యూనివర్సిటీలే. 'దక్షిణ భారతంలో తొలి ఐస్ హాకీ జట్టు' అని రాస్తే తల్లిదండ్రులు కారు ఆపి చూస్తారు. డబ్బూ దొరకొచ్చు. 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో ఒలింపిక్ క్రీడల శిక్షణ కూడా ఉంది. ఐస్ హాకీ ఒలింపిక్ ఆటే కాబట్టి సైబరాబాద్ కంపెనీల సామాజిక బాధ్యత నిధులను అడగడానికి అడ్డు లేదు. మన పెగులాలు మనకుండొచ్చు. కానీ పెగులా ఇచ్చింది రింకుకు. మనవాళ్లు ఇచ్చేది తరచూ ప్రారంభోత్సవానికి.

అలా కాని దాత ఉదాహరణ మన గచ్చిబౌలిలోనే ఉంది. ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచి తిరిగొచ్చాక పుల్లెల గోపీచంద్‌కు ప్రభుత్వం ఇచ్చిన ఐదెకరాల్లో అకాడమీ కట్టడానికి ఆయన ఇల్లు తాకట్టు పెట్టుకోవాల్సి వచ్చింది. నిమ్మగడ్డ ప్రసాద్ ఐదు కోట్లిచ్చారు. 2008లో కోర్టులు తెరుచుకున్నాయి. పిల్లలు తెల్లవారుజామున నాలుగున్నరకు అక్కడికి చేరేవారు. 2012లో సైనా, 2016లో సింధు ఒలింపిక్ పతకాలు తెచ్చారు. జట్టు అన్న మాట ఎక్కడా వినపడలేదు. ముందు చెక్క నేల, లైట్లు, ఒక మొండి గురువు. అమెరికా భాషలో చెప్పాలంటే క్లబ్ కూడా కాదు, వర్సిటీ కూడా కాదు.

అందుకని నా అభిప్రాయం ఇదీ: మంచు వద్దు, చక్రాలు కావాలి. ఇన్‌లైన్ హాకీ అని ఒకటుంది. ఐస్ హాకీకి చెల్లెలు. ఒక్కో జట్టుకు నలుగురు ఆటగాళ్లు, ఒక గోలీ. వరసగా నాలుగు చక్రాలున్న స్కేట్లు, నున్నటి గచ్చు లేదా ప్లాస్టిక్ పలకల నేల, చుట్టూ బోర్డు. కరెంటు బిల్లంటే రాత్రి లైట్లకే. మన ఊళ్లో చక్రాల మీద నడిచే అలవాటు కూడా ఉంది. ఇందిరా పార్కు రింకులో తరాల పిల్లలు స్కేటింగ్ నేర్చుకున్నారు. హైదరాబాదు కుర్రాడు అనూప్ కుమార్ యామ 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రోలర్ స్కేటింగ్‌లో రెండు కంచు పతకాలు తెచ్చాడు, 2015లో అర్జున అవార్డు అందుకున్నాడు. చక్రాల నుంచి మంచుకు దారి మరీ దూరమేమీ కాదు. 2025 ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో తెలంగాణ తరఫున ఒక బాలిక లేహ్ మంచు మీద స్కేటింగ్ స్వర్ణం గెలిచింది. చలికాలమంటే శాలువా కప్పుకోవడమే అనుకునే రాష్ట్రం నుంచి!

కాబట్టి క్లబ్‌తో మొదలుపెట్టాలి. పదిహేను మంది, అందులో కనీసం ఆరుగురు అమ్మాయిలు. అమ్మాయిల జట్టు తర్వాత చూద్దామంటే అది ఎన్నటికీ రాదు. మొదటి రెండేళ్లు సర్టిఫికెట్ మాట ఎత్తకూడదు. ఇంజనీరింగ్ సీట్లలో స్పోర్ట్స్ కోటా అర శాతమే అయినా, ఆ అర శాతం చుట్టూ ఆట రాని ఆటగాళ్లు ఎంతమంది తయారయ్యారో పీడీ గార్లకు బాగా తెలుసు. మూడో ఏడు నగరంలో ఇంకో మూడు క్యాంపస్‌లు క్లబ్బులు పెడితే అప్పుడు లీగు. హైటెక్ సిటీలో కెనడా, అమెరికా నుంచి తిరిగొచ్చిన ఉద్యోగుల్లో ఆడినవాళ్లుంటారు. శనివారం వచ్చి నేర్పడానికి వాళ్లను అడగొచ్చు. ఎక్కడో మాల్‌లో రింకు తెరుచుకున్న రోజున ఆ పిల్లలు చక్రాలు విప్పి బ్లేడ్లు తొడుక్కుంటారు. వారం రోజులు పడతారు, రెండో వారం ఆడతారు.

ఇదంతా మావాడికి ఫోన్‌లో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే మామయ్యా, డిసెంబరులో వస్తున్నా కదా, ఇన్‌లైన్ పక్కులు నాలుగు, కర్రలు రెండు పట్టుకొస్తా. మన సందు చివర గోడౌన్ గచ్చు ఇంకా నున్నగానే ఉందా?" అన్నాడు. ఉందన్నాను, ఆదివారాలు లారీలు కూడా రావని చెప్పాను. గోలీ ప్యాడ్లు కూడా తెమ్మంటే మాత్రం ఇరవై మూడు కిలోల సూట్‌కేసులో పట్టవన్నాడు.